బావగారి మెట్ల ఫైలు

ఇంటి ప్లానులో తప్పు పట్టుకుని, దాని పక్కన ఎర్రసిరాతో రాసే అభ్యంతరాన్ని మున్సిపల్ ఆఫీసులో కొర్రీ అంటారు. రాసేవాళ్ళు చాలామందే ఉంటారు గానీ, రాయడం కోసమే పుట్టినవాడు ఆ ఊరు మొత్తానికి ఒక్కడే. కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టిన పేరు ఆయనకి ఒకటుంది, జీతం కాగితాల మీద ఇప్పటికీ అదే రాస్తారు. కానీ ప్లాన్లు గీసే ఇంజనీర్ల దగ్గర్నుంచి కింద టీ బంకు ఆయన దాకా అందరికీ ఆయన కొర్రీలాయనే. ఒకసారి ఎవరో మొహం మీదే అలా పిలిచేసి నాలిక కరుచుకుంటే, ఫర్వాలేదు చెప్పండి అని ఫైలు అందుకున్నాడు తప్ప కోపం తెచ్చుకోలేదు.

ఆయన బల్ల మేడమీద, ప్లానింగు సెక్షన్లో కిటికీ పక్కన ఉంటుంది. దానిమీద మూడంచుల స్కేలు, ఒక భూతద్దం, రెండు ఎర్ర పెన్నులు. ఒకటి రాయడానికి, రెండోది మొదటిదాంట్లో సిరా అయిపోయి కొర్రీ మధ్యలో ఆగిపోకుండా. ఫ్యాను గాలికి ప్లాను లేవకుండా నాలుగు మూలలా నాలుగు గుండ్రాళ్ళు పెట్టి, భూతద్దం కంటికి దగ్గరగా తెచ్చాడంటే ఎదురుగా నిలబడ్డ ఇంజనీరు తను గీసిన గీతలు తనే మళ్ళీ లెక్కపెట్టుకునేవాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతాడని ఆయన గురించి అందరూ చెప్పుకుంటారు. అది అన్యాయం. ఈకలు లేకపోతే ఆయన పీకడు, ఉన్నాయేమోనని మాత్రం మళ్ళీ మళ్ళీ వెతుకుతాడు. లంచం ముట్టడు. ముడితే ఎంత బాగుండునని ఒకరిద్దరు బిల్డర్లు టీ బంకు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్న మాట నిజం.

పరాయివాళ్ళకే గానీ సొంతింటికి ఈ పట్టింపులు ఉండవనుకునేరు. వాళ్ళ వీధి మొత్తంలో ఆమోదించిన ప్లాను ప్రకారం కట్టిన ఇల్లు ఆయనది ఒక్కటే. చుట్టూ వదలవలసిన ఖాళీ అంగుళం తగ్గకుండా వదిలేశాడు. దాంతో గాలికీ వెలుతురుకీ బోలెడు చోటు దొరికింది, మనుషులకే దొరకలేదు. ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే వంటింట్లో ఉన్నవాళ్ళు ముందు బయటికి రావాలి. ఆయన భార్య మందుల షాపులో పనిచేస్తుంది, నోరున్న మనిషి. చుట్టాలెవరైనా వచ్చి ఇల్లు చూపించమంటే, ఇల్లు ఇంతేనండీ, మిగతాదంతా రూలు అని చెప్పి టీ పెట్టడానికి వెళ్ళిపోతుంది.

ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాక సగం కొర్రీలు అవే రాసేసుకోవడం మొదలెట్టాయి. కొర్రీలాయన కొన్నాళ్ళు డీలా పడ్డాడు. అదృష్టం బాగుండి, వారసత్వ భవనాలని మున్సిపాలిటీ గుర్తించిన పాత ఇళ్ళ దగ్గర కంప్యూటరు చేతులెత్తేసింది. మూరెడు మందం గోడ చూపిస్తే అది గోడని నమ్మదు, గది అనుకుంటుంది. కాబట్టి ఆ ఇళ్ళ ఫైళ్ళు ఇప్పటికీ కాగితాల మీద, ఆయన బల్ల మీదికే వస్తాయి. ఆ ఇళ్ళకి రూలు కూడా ఒకటే. వీధిలోంచి కనబడేది దేన్నీ పగలగొట్టకూడదు, కప్పెయ్యకూడదు, మార్చకూడదు. లోపల నువ్వేం చేసుకున్నా అడగరు గానీ, ముందువైపు మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి.

అలాంటి ఇళ్ళలో ఒకటి ఆయన సొంత అక్కది. బావగారి తండ్రి ఎప్పుడో చవగ్గా కొన్న ఇల్లు అది. ముందు చెక్కడం పని చేసిన పెద్ద తలుపు, తలుపు మీద రంగురంగుల అద్దాలు, తలుపు ముందు మూడు రాతి మెట్లు, మెట్ల దగ్గర్నుంచి గేటు దాకా రాతిపలకలు పరిచిన కాస్త జాగా. మెట్లు మధ్యలో అరిగిపోయి నున్నగా ఉంటాయి, ఏ రెండూ ఒకే ఎత్తులో ఉండవు. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి ఇది వారసత్వ భవనం అని ఇత్తడి రేకు బిగించి వెళ్ళిన రోజున బావగారి ఆనందం ఇంతా అంతా కాదు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తే పిలిచి ఇంటి చరిత్ర చెప్పేవారు, తెలియని చోట సొంతంగా కల్పించి మరీ.

అక్క పెళ్ళయిన ఏడాదికే కొర్రీలాయన చదువు కోసం ఆ ఇంటికొచ్చి, ఉద్యోగం వచ్చేదాకా అక్కడే పెరిగాడు. రెండో మెట్టు మిగతావాటికన్నా ఎత్తని తెలియక మొదటిరోజే బోర్లా పడి ముందు పన్ను విరగ్గొట్టుకున్నాడు. బావగారికి వీధి మలుపులో గడియారాల రిపేరు కొట్టు ఉండేది. బడి అయ్యాక అక్కడే కూర్చునేవాడు. కంటికి పెట్టుకునే భూతద్దం ఇచ్చి, దుమ్ము ఎక్కడుందో కనిపెట్టరా, కనిపెడితే గడియారం సగం బాగైనట్టే అని ఆయన చేతిలో మొదటి తప్పు పెట్టినవారు బావగారే. బావగారంటే ఆయనకి ప్రాణం. ఆ మాట పైకి ఎన్నడూ అనలేదు. అనాలంటే ఏ నిబంధన కింద అనాలో తెలియదు.

ఆ బావగారు బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనైంది, ఇంటికొచ్చారు, చక్రాల కుర్చీ కొన్నారు. ఇంట్లో తిరగడానికి ఇబ్బందేం లేదు. కుర్చీ తిప్పుకుంటూ వీధిగుమ్మం దాకా వస్తారు, అక్కడ ఆగిపోతారు. ఒకసారి చుట్టుపక్కలవాళ్ళు మంచిమనసుతో కుర్చీతో సహా ఎత్తి కిందికి దింపారు. ఇటు వంచండి, అటు తిప్పండి, గోడకి తగులుతోంది అనుకుంటూ, అచ్చం బీరువా దింపినట్టు దింపారు. బావగారు కొట్టు దాకా వెళ్ళొచ్చి, మళ్ళీ అలాగే ఎక్కి, ఇంకెవరూ తనని మొయ్యక్కర్లేదని చెప్పేశారు. కొట్టు తాళాలు శిష్యుడికి ఇచ్చేశారు. పాతికేళ్ళుగా పక్కనే పనిచేస్తున్న శిష్యుడు, కొట్టుకేం దిగుల్లేదు. దిగులంతా బావగారికే పట్టుకుంది.

ఒక ఆదివారం అక్క కొర్రీలాయన ఇంటికొచ్చింది. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగింది.

"మీ బావ నాతో పోట్లాడి నెల దాటిందిరా," అంది. "మొన్న కూరలో ఉప్పెయ్యడం మర్చిపోయాను. నోరెత్తకుండా తినేశారు. నాకు భయంగా ఉంది."

బావగారు ఉప్పులేని కూర మాట్లాడకుండా తిన్నారంటే అది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. మెట్ల వెడల్పులో సగం మేర సిమెంటుతో వాలుగా ర్యాంపు పోయిస్తే కుర్చీ దానంతటదే దిగుతుంది కదా, దానికి నీ సంతకం చాలు కదా అని అక్క అడిగింది. నా సంతకం చాలదు, అర్జీ పెట్టాలి, ప్లాను గీయించాలి, నేను పరిశీలించాలి, ఆ తర్వాత వారసత్వ భవనాల కమిటీ ఒప్పుకోవాలి అని ఆయన చెప్పాడు. పరిశీలించేది నువ్వేగా అని అక్క ఊపిరి పీల్చుకుంది. వంటింట్లోంచి ఆయన భార్య, అందుకే నాకు భయం వదినా అంది.

ప్లాను వచ్చింది. ఫైలు బల్లమీద పడిన మరుక్షణం కొర్రీలాయన ఒక కాగితం తీసి, ఈ అర్జీదారు తనకి స్వయానా బావగారని, కాబట్టి ఫైలు వేరొకరికి ఇవ్వాలని రాసుకుని పై అధికారిణి గదికి వెళ్ళాడు. మేడం చదివి నవ్వారు. వేరొకరెవరున్నారు, ఉన్న ఇంకొకాయన ఆరునెల్ల సెలవు మీద వెళ్ళాడు అన్నారు. పైగా చుట్టరికం చూసుకుని మీరు పక్షపాతం చూపిస్తారని ఈ ఊళ్ళో ఎవరన్నా అంటే వాళ్ళని నేనొకసారి చూడాలి, కానివ్వండి అని ఫైలు చేతిలో పెట్టారు.

కానిచ్చాడు. నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు, భూతద్దం తీశాడు. మూడు మెట్లకి మూడు ఎత్తులు చూపించి ఉన్నాయి. ఎర్ర పెన్ను తనంతట తనే లేచింది. మెట్ల కొలతల్లో తేడా కనబడుచున్నది, సరిచూచి సమర్పించవలెను అని రాసేశాడు. ఆ మెట్ల మీద పన్ను పోగొట్టుకున్నవాడు ఆయనే. కానీ అది ఆయన నోటికి తెలిసిన సంగతి, ఫైలుకి తెలిసింది కాదు. ఫైల్లో లేనిది ఆఫీసుకి తెలిసినట్టు నటించడం ఆయన దృష్టిలో అవినీతి.

ఆ సాయంత్రం ఆయన అక్క ఇంటికి వెళ్ళేసరికి, ఆఫీసునుంచి అప్పటికే అందిన ఆ కొర్రీ కాగితం అక్క తీసి ఆయన ముందు పెట్టి, దీనికి జవాబు రాయమంది. కొర్రీ రాసినవాడు జవాబు రాయకూడదన్నాడు. మరి నాకు రాయడం వచ్చా, మీ బావకి చెయ్యి వణుకుతోంది, ప్లాను గీసిన ఇంజనీరేమో ఫోనెత్తడు, ఆఫీసు అయిదింటికి మూసేశారా లేదా అని అక్క గద్దించింది. మూసేశారని ఒప్పుకున్నాడు. అయితే ఇప్పుడు నువ్వు నా తమ్ముడివి, రాయి అంది. ఆ తర్కంలో ఆయనకి తప్పు దొరకలేదు. కూర్చుని, మెట్లు నిజంగానే ఎగుడుదిగుడుగా ఉన్నాయి, రెండో మెట్టు మీద అర్జీదారు బావమరిది ఒకడు పడి పన్ను విరగ్గొట్టుకున్న మాట వాస్తవం అని పొందికగా రాసిచ్చాడు. జవాబు బాగా వచ్చిందని ఇంటికెళ్తూ సంతోషించాడు కూడా.

మర్నాడు ఉదయం ఆ జవాబు ఆయన బల్ల మీదికే వచ్చింది. చదివాడు. పన్ను విరిగినట్టు ఆధారం జతపరచలేదు.

ఇలా మొదలైంది. పగలంతా ఆఫీసులో ప్రశ్న రాయడం, సాయంత్రం అక్క ఇంట్లో జవాబు రాయడం, తెల్లారి ఆ జవాబు అర్జీదారు అసలు విషయం దాటవేసినట్టు గమనించి ఇంకో ప్రశ్న రాయడం. ర్యాంపు వాలు ఎంతో చెప్పలేదన్నాడు, సాయంత్రం చెప్పాడు. వాలు సరిపోతుంది గానీ సిమెంటు వల్ల రాయి పాడవదని హామీ ఏదన్నాడు, సాయంత్రం హామీ ఇచ్చాడు. ఇచ్చిన హామీ నమ్మశక్యంగా లేదన్నాడు. సాయంత్రం జవాబు రాసేటప్పుడు పొద్దున ఆఫీసువాడి మీద ఆయనకి నిజంగానే ఒళ్ళు మండేది. మనిషి బాధ అర్థం చేసుకోడు, వట్టి రూళ్ళకర్ర అని గొణుక్కునేవాడు. పొద్దున ఆఫీసులో చదివేటప్పుడు, ఈ అర్జీదారు తరఫున ఎవడు రాస్తున్నాడో గానీ మహా జారుడు మనిషి అని పళ్ళు కొరికేవాడు. ఆయన భార్య రెండు మూడు వారాలు చూసి, మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా ఇంటికొచ్చేటప్పుడు కూరగాయలు తీసుకురండి అని సంచీ ఇచ్చింది.

అక్కకి మాత్రం నవ్వు రాలేదు. ఒరే అని పిలవడం మానేసి ఆఫీసరుగారూ అనడం మొదలెట్టింది. టీ ఇవ్వడం కూడా మానేసి ఉండేదే గానీ, ఇస్తే తప్ప జవాబు బాగా రాయడని ఇచ్చేది. ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ బావగారు గుమ్మంలో కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవారు. ఎవరైనా పలకరిస్తే తల ఊపేవారు. కొర్రీలాయన జవాబు రాసుకుంటూ వెనకనుంచి ఆయన మెడ వైపు చూసేవాడు. మనిషి బాగా చిక్కిపోయినట్టు అనిపించేది, పెన్ను ముందుకి కదిలేది కాదు.

చివరికి ఒకరోజు, అడగవలసిన ప్రశ్నలన్నిట్లోకెల్లా పెద్ద ప్రశ్న ఆయనకి ఆఫీసులో తట్టింది. ఇంటికి వెనక సందులోకి ఒక తలుపుంది. ఆ తలుపుకి మెట్లు లేవు. వెనకవైపు వారసత్వం కిందికి రాదు కాబట్టి ఏ అనుమతీ అక్కర్లేదు. వెనకనుంచి దారి ఉండగా ముందు మెట్లు ఎందుకు ముట్టుకోవలసి వచ్చిందో అర్జీదారు వివరించవలెను అని రాశాడు. రాసి చూసుకున్నాడు. ఎన్నో ఏళ్ళ సర్వీసులో అంత తిరుగులేని కొర్రీ రాసిన గుర్తు ఆయనకి లేదు. దీనికి వాళ్ళేం జవాబు చెబుతారో చూద్దామనుకున్నాడు. కాసేపటికి ఆ వాళ్ళల్లో తనూ ఉన్నానని గుర్తొచ్చింది.

సాయంత్రం ఎంతసేపు కూర్చున్నా జవాబు తట్టలేదు. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. అక్క తలుపు పక్కన నిలబడి చూస్తోంది. ఇక లాభం లేదని లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, మెట్టు మీద కూర్చుని బావగారినే అడిగాడు. వెనక సందులోంచి వెళ్తే ఏమైంది బావా అని.

బావగారు వీధిలోకి చూస్తూనే అన్నారు.

"వెనక తలుపులోంచి మనింట్లోంచి ఏం బయటికెళ్తాయిరా? చెత్తబుట్ట వెళ్తుంది, పాత పేపర్లు వెళ్తాయి. నేనింకా ఆ లెక్కలోకి రాలేదు." రెండు చేతులూ చూపించారు. "కొట్టుకెళ్ళి గడియారాలు బాగు చేస్తాననుకుంటున్నావా? స్క్రూ పట్టుకోలేను. ఈ తలుపు తీసుకుని వీధిలోకొస్తే, ఎదురింటాయన కొట్టుకేనా అంటాడు. ఆఁ అంటాను. ఆ పక్కనాయన ఇవాళ ఆలస్యమైందే అంటాడు. పనుంది అంటాను. అది చాలు నాకు. వెనక సందులో నన్ను అడిగేవాడెవడు?"

ఈ రెండు నెలల్లో బావగారు ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడింది లేదు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొర్రీలాయన ఆ మాటలు ఆఫీసు భాషలోకి మార్చాలని కూర్చున్నాడు. అర్జీదారు సామాజిక అవసరముల దృష్ట్యా అని మొదలెట్టి కొట్టేశాడు. మళ్ళీ మొదలెట్టి మళ్ళీ కొట్టేశాడు. ఆఖరికి విసుగొచ్చి, చెత్తబుట్టతో సహా బావగారు అన్నది అన్నట్టే రాసి, బావగారి వణుకు సంతకం పెట్టించాడు.

మర్నాడు ఆ కాగితం బల్ల మీదికి వచ్చింది. రాళ్ళు పెట్టాడు, భూతద్దం తీశాడు, పెట్టేశాడు. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. భోజనాల వేళ అయింది, సాయంత్రమైంది, ఒక్క అక్షరం పడలేదు. పక్క బల్ల టైపిస్టు వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగింది. మేడం గదికి కబురు కూడా ఆవిడే పంపినట్టుంది.

మేడం ఫైలు తెప్పించుకుని మొదటినుంచీ తిరగేశారు. కొర్రీ, జవాబు, కొర్రీ, జవాబు. కొర్రీలు ఎర్రసిరా, జవాబులు నీలం. అంతే తేడా. దస్తూరీ ఒకటే, అక్షరం కింద అక్షరం పెట్టే పద్ధతీ ఒకటే. కళ్ళజోడు తీసి, ఈ జవాబులు రాసిందెవరని అడిగారు. కొర్రీలాయన అబద్ధమాడలేదు, ఆడటం రాదు. అయిదు దాటాక నేను వాళ్ళ తమ్ముణ్ణి మేడం అన్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనన్న భయం లేకపోలేదు. అయినా ఏ జవాబుకీ తాను మెత్తబడలేదని, కావాలంటే ఫైలు చూసుకోవచ్చని చెప్పాడు. చూశాను, అదే నాకు అర్థం కావడం లేదన్నారు మేడం. చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నారో ఏమో తెలియదు.

"శుక్రవారం కమిటీ ఉంది," అన్నారు ఇటు తిరిగి. "మీరిద్దరూ రండి."

కమిటీ అంటే ముగ్గురు. మేడం, కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు, పాత కట్టడాల పని ఎరిగిన ఆర్కిటెక్టు ఒకావిడ. పొడుగాటి బల్ల, ఒకవైపు ఆఫీసు కుర్చీ, ఎదురువైపు అర్జీదారు కుర్చీ. కొర్రీలాయన ముందు ఆఫీసు కుర్చీలో కూర్చుని వెనక తలుపు కొర్రీ చదివాడు. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి, అర్జీదారు కుర్చీ దగ్గరికెళ్ళి నిలబడి బావగారి జవాబు చదివాడు. లెక్చరరుకి మొదట నవ్వాగలేదు. జవాబు సగంలోకి వచ్చేసరికి ఆయనా తల దించుకున్నాడు.

ఆర్కిటెక్టు, రోజూ నలుగురు పట్టుకుని దింపితే సరిపోదా అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ దాన్ని వినగానే కొర్రీలాయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. ఎదురుగా ఖాళీగా ఉన్న ఆఫీసు కుర్చీ మీద. దానివైపే వేలు చూపిస్తూ మాట్లాడాడు.

"ఆ మెట్లని కాపాడాలి, ఒప్పుకుంటాను. ఆ మెట్లు దిగే మనిషి కూడా ఆ ఇంటివాడే కదండీ. ఎన్ని వారాలైంది, ఈ ఆఫీసు ఆయన్ని గుమ్మంలో కూర్చోబెట్టి? మెట్టు ఎంత ఎత్తని అడిగింది, రాయి ఏమవుతుందని అడిగింది. ఆయన ఎలా ఉన్నాడని ఒక్క కొర్రీ రాసిందా?"

ఆఫీసు మీద ఇంత మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు, అన్నది తనే. మేడం ఆయన్ని ఒక నిమిషం చూసి, దీనికి ఆఫీసు ఏమంటుంది అని అడిగారు. ఆయన మళ్ళీ బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు. గ్లాసెడు మంచినీళ్ళు తాగాడు. ఫైలు మూశాడు.

"ఆఫీసు దగ్గర కొర్రీ లేదు మేడం," అన్నాడు.

సిమెంటుకి మాత్రం లెక్చరరు ససేమిరా ఒప్పుకోలేదు. వందేళ్ళు అరిగిన రాయి మీద సిమెంటు పోస్తే తాను అన్నం తినలేనన్నాడు. ఆర్కిటెక్టే దారి చూపించింది. ఒకదానికొకటి తగిలించే మూడు ముక్కల చెక్క ర్యాంపు చేయిస్తే, కింద రబ్బరు పెడితే, రాయికి గీత కూడా పడదు. గేటు దాకా చోటు సరిపోతుంది. అయితే షరతు ఒకటి. వాడకంలో లేనప్పుడు ఆ చెక్కలు మెట్ల మీద ఉండకూడదు. రోజూ పెట్టి రోజూ తీస్తామని ఒంట్లో బలమున్న మనిషెవరో బాధ్యత తీసుకుని హామీ రాసివ్వాలి. ఎవరు రాస్తారని మేడం అడిగారు. ఈసారి కొర్రీలాయన ఏ కుర్చీలోనూ కూర్చోకుండా, నిలబడే సంతకం పెట్టాడు.

వడ్రంగి చెక్కలు తెచ్చిన మర్నాడు పొద్దున్నే, ఆఫీసుకెళ్ళే బట్టల్లోనే వచ్చి, మూడు ముక్కలూ మోసుకొచ్చి మెట్ల మీద తగిలించాడు. వాలు రెండుసార్లు కొలిచాడు. అక్క చాలు పెట్టరా అంటే మూడోసారీ కొలిచాడు. బావగారు గుమ్మంలోకి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, తల దువ్వుకున్నారు. వెనక పట్టుకోబోతే పట్టుకోవద్దన్నారు. చక్రాల మీద చేతులేసి, మెల్లగా, చెక్క కిర్రుమంటుంటే, మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడోది దాటి రాతిపలకల మీదికి, అక్కణ్ణుంచి గేటు దాటి వీధిలోకి వెళ్ళిపోయారు. కొర్రీలాయనకి కళ్ళు మసకబారాయి. భూతద్దం ఉన్నా లాభం లేకపోయేది.

షరతు షరతే. మనిషి దిగిపోయాక ర్యాంపు వాడకంలో లేదు. ఆయన వంగి ఒక్కో ముక్కా ఊడదీసి లోపలికి మోసుకెళ్తుంటే అక్క అడ్డం వచ్చింది. అదేమిట్రా, అది తీసేస్తే ఆయన మళ్ళీ ఎలా ఎక్కుతారు, నువ్వు ఆఫీసునుంచి వచ్చేదాకా మనిషి వీధిలో ఉండాలా, మధ్యలో నడుం నొప్పెడితే, వానొస్తే అని నిలదీసింది. కొర్రీలాయన చెక్క పట్టుకుని మధ్యలో నిలబడిపోయాడు. ఈ కోణం ఆయన పరిశీలించలేదు.

"తీసెయ్యరా," అన్నారు బావగారు గేటు అవతలినుంచి, గట్టిగా. "నీ సంతకం ఉంది దానిమీద."

ఆయన తీసేశాడు. బావగారు కుర్చీ తిప్పుకుని మలుపు వైపు సాగిపోయారు. కొర్రీలాయన ఆఫీసుకి వెళ్ళాడు. మధ్యాహ్నం వాన పడలేదు గానీ, పడుతుందేమోనని నాలుగైదుసార్లు కిటికీలోంచి చూశాడు. అయిదు కొట్టగానే లేచాడు. గబగబా నడిచి మలుపు దాకా వచ్చాడు.

కొట్టు ముందు అరడజను మంది ఉన్నారు. వాళ్ళ మధ్య కుర్చీలో బావగారు. చేతిలో ఎవరిదో గోడగడియారం. అది బాగుచేస్తున్నట్టేం లేదు, దాన్ని ఊపుతూ వాదిస్తున్నారు. తమ ఇల్లు కట్టినవాడు రెండో మెట్టు కావాలనే ఎత్తుగా పెట్టించాడని, రాత్రిపూట దొంగలొస్తే బోర్లాపడాలని, తన బావమరిదే అందుకు సాక్ష్యమని చెబుతున్నారు. అందులో ఒక్క ముక్క నిజం లేదు. ఎవరో అదెక్కడ రాసుంది చూపించమంటున్నాడు. బావగారు వాడి మీద విరుచుకుపడ్డారు.

కొర్రీలాయన మలుపులోనే ఆగిపోయాడు. సాయంత్రం ఎన్నింటికి ర్యాంపు మళ్ళీ పెట్టాలో హామీ పత్రంలో రాయలేదు. ఎక్కడా వేళ లేదు. అంత పెద్ద లోపాన్ని తనెలా వదిలేశాడో ఆయనకి అర్థం కాలేదు. వెనక్కి తిరిగి, ఏ పనీ లేకపోయినా, కూరగాయల దుకాణం దాకా నడిచి, అక్కడ టమాటాలు ఒక్కొక్కటీ ఏరుతూ చాలాసేపు నిలబడ్డాడు.